నంబరు లేని మట్టి

నాలుగున్నరకు బళ్ళారి చౌరస్తాలో ఏడుగురం.
టీ కొట్టాయన ఇంకా పొయ్యి ముట్టించలేదు.
మద్దిలేటి లెక్క మొదలెడతాడు: ఒకటి.
ఖాజా రెండంటాడు, పరంజ్యోతి మూడు,
అట్లా పోయి పోయి నా దగ్గర ఆగుతుంది.
నేనెప్పుడూ ఏడే. తోకను.
ఆగిన చోటల్లా లెక్క;
మా గుంపుకు అదొక్కటే రాజ్యాంగం.

కోడుమూరు దాకా చీకటే.
ముందువాళ్ల ఎర్రదీపం తప్ప లోకం లేదు.
హంద్రి మీంచి ఎదురుగాలి లేస్తే
మద్దిలేటి వీపు చాటున దాక్కుని తొక్కాను.
గాలి మోసి మోసి ఒకరు పక్కకి తప్పుకుంటారు,
ఇంకొకరు ముందుకొస్తారు.
ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.
మా ఆఫీసు ఇట్లా ఉంటే, అనుకున్నా.

నేను భూసార పరీక్ష చేసే మనిషిని.
పదకొండేళ్లుగా ఈ ఊళ్లే నా బల్ల దగ్గరికి వచ్చాయి,
గుడ్డ సంచుల్లో, అరకిలో చొప్పున.
దేవనకొండ అంటే నాకు నత్రజని తక్కువ.
తుగ్గలి అంటే జింకు లోపం.
గాజు గొట్టాల్లో రంగు మారే ఊళ్లు.
వాటికి ఇన్ని ఎత్తుపల్లాలుంటాయని
ఇవాళ తొడలు చెప్తే తెలిసింది.

గొర్రు తోలే ముసలాయన ఎద్దుల్ని నిలిపాడు.
"యాడికి పోతాండారప్పా?"
"తుగ్గలికి."
"బస్సు తప్పిపాయనా?"
"లేదు తాతా, ఊరికే."
ఆ మాటను ఆయన వక్కలా కాసేపు నమిలాడు.
"ఊరికేనంట," అని ఎద్దులకు చెప్పాడు.
ఎద్దులు కదిలాయి.

పల్లేరు కాయ. నా వెనక చక్రం.
ఖాజా ట్యూబు తీసి, ఉమ్మి రాసి చిల్లి వెతుకుతుంటే
గొర్రు వెనక విత్తనం వేసే ఉజ్జినమ్మ కడవ తెచ్చింది.
ఏం పని చేస్తావమ్మా అంది. చెప్పాను.
"అట్లనా! ఆ కార్డు రాసింది నువ్వేనా?
గూట్లో పెట్టినాం, దీపం కింద.
జింకు ఎయ్యమంటివి, జిప్సం ఎయ్యమంటివి,
వాన ఎప్పుడొస్తాదో యాడా రాయకపోతివే."
నా సీసా నిండి పొర్లింది.
ఇద్దరం కింద తడిసిన చోటు చూశాం.

పత్తికొండలో ఉగ్గాని, బజ్జీ. రెండో ప్లేటు.
పరంజ్యోతి పచ్చిమిరపకాయలన్నీ ఏరి నా ప్లేట్లో వేసింది.

తుగ్గలి దాటాక ఒక చేను నిండా వంగిన జనం.
పిల్లలు, గొడుగులు, ఏ జిల్లాదో ఒక ఆటో.
మొదటి వానకు వజ్రం పైకి తేలుతుందట.
చేను గలాయన గట్టు మీంచి మొత్తుకుంటున్నాడు,
విత్తనం తొక్కద్దండ్రా అని.
ఖాజాకు మెరిసిందొకటి దొరికింది:
సోడా సీసా పెంకు. జేబులో వేసుకున్నాడు మరి.
గట్టు ఇవతలే ఆగి నేనూ వంగాను. పిడికెడు తీసి నలిపాను.
వాసన.
నా దగ్గరికి వచ్చేసరికి మట్టి
ఎండి, జల్లెడలోంచి జారి, నంబరై ఉంటుంది.
ఇన్నేళ్లలో ఎన్ని వేల ఊళ్లు తూచానో,
ఒక్కదాన్నీ వాసన చూడలేదు.

తిరుగు దారి గురించి చెప్పేదేం లేదు.
ఎండ. పిక్క పట్టేసింది.
ఒక దగ్గర ఏడుపొచ్చింది, ఎందుకో గుర్తులేదు.
నేను నెమ్మదించినప్పుడల్లా
ముందు ఆరు వీపులూ నెమ్మదించాయి.

మళ్లీ చౌరస్తా, దీపాలు పెట్టే వేళకు.
ఒకటి, రెండు, మూడు.
ఆరు తర్వాత ఎవరూ పలకలేదు.
నేను చక్రం పట్టుకుని వంగి ఉన్నా,
కోడుమూరు నలుపేదో తుగ్గలి ఎరుపేదో
గోటితో విడదీయాలని. విడిపోలేదు.
"ఏడో?" అన్నాడు మద్దిలేటి.
"ఉన్నా."

దేవనకొండ దిక్కున ఒక మెరుపు.
ఈసారి నేనే లెక్క మొదలెట్టాను, ఒకటి, రెండు,
ఉరుము కోసం.
ముప్పై దాటింది.
ఇంకా లెక్కపెడుతూనే ఇంటికి తొక్కాను.